కేకల బాబాయి

రోజూ పొద్దున్నే కేకల బాబాయి గోరువెచ్చటి నీళ్ళలో ఇంత ఉప్పు వేసుకుని గొంతు పుక్కిలించేవాడు. ఆ తర్వాత దేవుడికి దణ్ణం పెట్టుకుని పనికి బయలుదేరేవాడు. పనిచోట ఇంకో దణ్ణం ఉండేది. తను కూర్చునే గది గుమ్మం ముందు చెప్పులు విడిచి, చేతులు జోడించి, "ఇక్కడ ఏడ్చి పోయిన తండ్రులారా, మీ ఏడుపు అమ్ముకుని బతుకుతున్నాను, కోప్పడకండి" అని చెప్పుకుని లోపల కాలు పెట్టేవాడు.

గైడు కుర్రాడికి అది చూస్తే నవ్వాగేది కాదు. "వాళ్ళు పోయి ఎన్నాళ్ళయిందో బాబాయ్! ఇంకా పర్మిషను అడుగుతావేంటి?"

"ఇల్లు వాళ్ళది నాయనా. అడగద్దూ?"

అది ఒకప్పుడు మతి చలించిన ఖైదీలను పెట్టిన జైలు. ఇప్పుడు జనం టికెట్టు కొనుక్కుని చూసిపోయే చోటు. పొడుగాటి నడవా, అటూ ఇటూ ఇనుప తలుపులు, ఒక్కో తలుపుకీ అడుగున అన్నం పళ్ళెం తోసేంత సందు. బాబాయి బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద నుంచి అరిస్తే డ్రైవరుకు వినిపించే గొంతు ఆయనది. ఆ గొంతును చూసే ఈ పని ఇచ్చారు. నడవా చివరి గదిలో చీకట్లో కూర్చోవాలి. గైడు జనాన్ని తీసుకొచ్చి తాళంచెవితో తలుపు మీద టకటకా కొట్టగానే, వినేవాళ్ళకు ఒళ్ళు జలదరించేలా కేక పెట్టాలి. అంతే పని.

తలుపుకి బయట గడియ నిజంగానే వేసేవారు. ఒకసారి ఎవడో ఆకతాయి తలుపు తోసి, లోపల తీరిగ్గా అరటిపండు ఒలుచుకుంటున్న పిచ్చివాణ్ణి చూసి పరువు తీశాడు. ఇంకోసారి బాబాయి ఫోను మోగి జనం పకపకా నవ్వారు. అందుకని ఫోను గైడు గదిలోనే వదిలి రావాలి. చిన్నపిల్లలెవరైనా మరీ జడుసుకుంటే గైడు వంగి, "లోపలెవరూ లేరమ్మా, టేపు" అని చెవిలో చెప్పేవాడు. కొత్తగా చేరిన టికెట్ల అమ్మాయికి కూడా సరదాకి అదే మాట చెప్పాడు. గేటు దగ్గర ఎండలో కూర్చునే ఆ పిల్లకు బాబాయి రోజూ సీసాతో చల్లటి నీళ్ళు తెచ్చి ఇచ్చేవాడు. ఈయన మొక్కలకు నీళ్ళు పోసే మనిషి కాబోలనుకుంది పాపం.

ఆ వేళ ఆఖరి బృందం. మర్నాటి నుంచి పైకప్పు మరమ్మతులకు నెలరోజులు మూత. బాబాయి భార్య కూతురి పురిటికని వెళ్ళింది, ఇంట్లో ఎదురుచూసే మనిషి కూడా లేదు. గైడు గడియ వేస్తూ, "ఇవాళ అదరగొట్టెయ్యి బాబాయ్, మళ్ళీ నెల దాకా లేదు" అని నవ్వుకుంటూ జనాన్ని తేవడానికి పోయాడు. గేటు దాకా వెళ్ళాడో లేదో, కడుపు పట్టుకుని మెలికలు తిరిగి కూలబడ్డాడు. ఎవరో పుణ్యాత్ములు తమ బండిలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. లోపలున్న బాబాయికి ఇదేమీ తెలియదు.

ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. చీకటి ఆయనకు అలవాటే. ఆలస్యమే అలవాటు లేదు. చివరికి నడవాలో అడుగుల చప్పుడైంది. తాళంచెవి టకటక వినబడలేదు గాని, మర్చిపోయాడేమోలే అనుకుని బాబాయి గుండెల నిండా గాలి పీల్చి కేక పెట్టాడు. బయట కెవ్వుమన్నారు, ఆ వెంటనే నవ్వులు.

"భయపడకండి. లోపలెవరూ లేరు, టేపు పెట్టారు." అది గైడు గొంతు కాదు, టికెట్ల అమ్మాయిది. "అసలు గైడుకి ఒంట్లో బాగాలేక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నాకు తెలిసింది చెప్పాను, ఇంక పదండి. లైట్లు ఆపి గేటు మూసెయ్యాలి."

గడియ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆసుపత్రిలో. రేపు మూత, ఎల్లుండీ మూత, మరమ్మతు పనివాళ్ళు ఎప్పుడు దిగుతారో ఏమో.

"అమ్మాయ్! నేను టేపు కాదమ్మా! తలుపు తియ్యి!" అంటూ రెండు చేతులతోనూ తలుపు బాదాడు.

"అబ్బ, ఎంత బాగా రికార్డు చేశారో!" అంది ఒకావిడ.

"రికార్డు కాదు తల్లీ, మనిషిని! గడియ బయట ఉంది!"

"ఇది కూడా ముందే అనుకుని పెట్టారన్నమాట. భలే బుర్ర!" అన్నాడొకాయన.

బాబాయి నేలమీద పడుకుని సందులోంచి చూశాడు. కాళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. "నీలం చెప్పుల బాబూ! నిన్నే నాయనా! నిన్ను చూస్తూ చెబుతున్నా!"

నీలం చెప్పులు టక్కున ఆగాయి.

"ఇంత జనంలో ఎవడో ఒకడికి నీలం చెప్పులుండవేంటి!" అన్నాడా చెప్పులాయన, గొంతు కాస్త వణికినా. అందరూ మళ్ళీ నవ్వారు. చెప్పులు కదిలిపోయాయి.

బాబాయి మళ్ళీ అరవబోతే గొంతు పట్టేసి గాలి తప్ప మాట రాలేదు. లేవాలని గోడను తడుముకున్నాడు. వేళ్ళు ఒక గీతలో పడ్డాయి. ఎవరో గోళ్ళతో గీకి గీకి అరగదీసిన గీత అది. ఇన్నాళ్ళూ ఆ గోడ తగలకుండా మధ్యలోనే కూర్చునేవాడు. ఇప్పుడు ఆ గీతలో తన వేలు సరిగ్గా ఇమిడిపోయింది. కొలత తీసి చేసినట్టే ఉంది. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. 'నాకు పిచ్చి లేదు, తలుపు తియ్యండి' అని వాళ్ళూ అని ఉంటారు. బయటివాళ్ళు ఇలాగే నవ్వి ఉంటారు. ఆ నవ్వు విని విని వాళ్ళకేమైందో తలుచుకున్నాడు. "స్వామీ, నన్ను వీళ్ళలో కలపకు" అని పెదాలతోనే వేడుకున్నాడు.

నడవా మొదట్లో లైట్లు ఒక్కొక్కటే ఆరుతున్నాయి. బాబాయి పడుకునే పాక్కుంటూ వచ్చి, సందులోంచి చెయ్యి బయటికి చాపాడు.

"అదిగో, రబ్బరు చెయ్యి!" అన్నారెవరో దూరం నుంచి.

అందరికన్నా వెనక ఒక పెద్దావిడ నెమ్మదిగా నడుస్తోంది. లోపల అరుపులుంటాయని కూతురు ముందే చెప్పడంతో, చెవి మిషను తీసి సంచిలో పడేసుకుంది. అందువల్ల ఆవిడకు కేకలూ వినబడలేదు, టేపు మాటా వినబడలేదు. ఒక చెయ్యి మాత్రం కనబడింది. చాపిన చెయ్యి కనబడితే ఆగడం ఆవిడకు అలవాటు. గోడ పట్టుకుని, అమ్మో మోకాళ్ళు అనుకుంటూ వంగి, తన మంచినీళ్ళ సీసా ఆ చేతికి అందించింది.

ఆ చెయ్యి సీసాను పట్టుకోలేదు. ఆవిడ వేళ్ళను పట్టుకుంది.

"అమ్మా! ఏం చేస్తున్నావ్? ముట్టుకోకూడదు, అది బొమ్మ!" అంటూ కూతురు వెనక్కి పరుగెత్తుకొచ్చింది.

"ఏంటే నీ గొణుగుడు? వణికిపోతోందే ఈ చెయ్యి! మంచుగడ్డలా ఉంది!" చెవుడు ఉన్నవాళ్ళ గొంతు కదా, నడవా అంతా మారుమోగింది. "ఏమయ్యా నీలం చెప్పులూ, అక్కడ నిలబడి చూస్తావేం? రా, ఈ గడియ లాగు! ఒంట్లో బలం ఫొటోలు తీసుకోడానికేనా?"

ఆయన వచ్చి లాగాడు. బిగుసుకున్న గడియ కిర్రుమంటూ ఊడింది. తలుపు తెరుచుకునేసరికి బాబాయి నేలమీద బోర్లా పడి ఉన్నాడు. ఇద్దరు ముగ్గురు అప్పటికీ చప్పట్లు కొట్టారు. ఆయన మొహం చూశాక మానేశారు.

"అయ్యో, నీళ్ళ తాతగారూ! లోపల ఉంది మీరా?" టికెట్ల అమ్మాయి బావురుమంది. "టేపు అన్నాడండీ గైడు! నాకు తెలియదండీ!"

ఆ పిల్ల తలమీద చెయ్యి వేసి, పరవాలేదన్నట్టు నిమిరాడు బాబాయి. నీలం చెప్పులాయన తల దించుకునే ఆయన్ని పొదివి పట్టుకుని లేపాడు. లేచాడు గాని అడుగు పడలేదు. గేటుకు పోవాలంటే ఆ నడవా మొత్తం నడవాలి. అటూ ఇటూ తలుపులు, ప్రతి తలుపుకీ గడియ, ప్రతి గడియ వెనకా ఒక గోడ.

పెద్దావిడ ఆయన మొహంలోకి చూసింది. "ఏం తమ్ముడూ, ఏం కావాలి?"

బాబాయి పెదాలు కదిలాయి. గొంతు రాలేదు. వచ్చినా ఆవిడకు వినబడదు. చెవి చూపించి, సంచి చూపించి సైగ చేశాడు. ఆవిడ సంచంతా తడిమి, రుమాలు మడతలోంచి మిషను తీసి, చెవిలో పెట్టుకుని సర్దుకుని, ఆయన నోటి దగ్గరికి తల వంచింది.

"అక్కా," అన్నాడు కేకల బాబాయి, గాలి కన్నా సన్నగా. "గేటు దాకా ఈ చెయ్యి వదలకండి."