ఉభయుల ఇష్టం, పెల్కీ గారి కష్టం

ఆర్విల్ పెల్కీ గారు ఎదుటివాళ్ళు ఒప్పుకోనిదే దేన్నీ ముగించరు. ఉద్యోగమైనా అంతే, ఫోనైనా అంతే, భోజనమైనా అంతే. మంగలి కుర్చీలో కూర్చుంటే, క్షవరం అయిపోయిందని మంగలీ తనూ ఇద్దరూ ఒప్పుకున్నాకే లేస్తారు. ఒకసారి మంగలికి ఎంత కత్తిరించినా తృప్తి కలగలేదట. పెల్కీ గారు ఆ చలికాలమంతా గుండు మీద ఉన్ని టోపీతో తిరిగారు.

మా ఊరు టామరాక్‌లో ఒక పేపరు మిల్లు, ఒక ఐస్ హాకీ జట్టు ఉన్నాయి. జట్టు పేరు ముళ్ళపందులు. పెల్కీ గారు దానికి మేనేజరు. టిక్కెట్లు అమ్మడం, ఫోన్లు ఎత్తడం, పళ్ళు ఊడిన ఆటగాళ్ళని డాక్టరు దగ్గరికి పంపడం, ఇవన్నీ నా పనులు. నా పేరు మ్యూరియల్. నగరంలో ఉన్న పెద్ద క్లబ్బు తన కుర్రాళ్ళని మా దగ్గర వదిలి, పైకొస్తారేమోనని చూస్తుంది. పైకొచ్చినవాణ్ణి పట్టుకుపోతుంది. రాడనుకున్నవాడితో ఒప్పందం రద్దు చేసుకోమంటుంది. ఆ రద్దుకి కాగితాల మీద "ఉభయుల ఇష్టప్రకారం" అని ముద్దుపేరు. ఇష్టం క్లబ్బుది, సంతకం కుర్రాడిది అని హాకీ తెలిసిన వాళ్ళందరికీ తెలుసు. ఆ మాటని అక్షరాలా నమ్మిన మనిషి దేశం మొత్తం మీద పెల్కీ గారొక్కరే.

నమ్మి ఊరుకోలేదు, దాన్ని ఇంటికి కూడా పట్టుకెళ్ళారు. ఫోన్లో ఎవరితో మాట్లాడినా చివర "మరి మన మాటలు అయిపోయినట్టేనని ఇద్దరం అనుకుంటున్నామా?" అని అడిగి, అవుననిపించుకునేదాకా పెట్టరు. ఒకసారి వాక్యూమ్ క్లీనర్లు అమ్మేవాడు ఫోన్ చేసి, తనకైతే ఇంకా అయిపోలేదన్నాడు. పెల్కీ గారి అటక మీద ఇప్పుడు మనిషి దూరడానికి చోటు లేదు.

ఆయన పాత ట్రక్కు రోడ్డు మధ్యలో ప్రాణం విడిచినప్పుడు, ఇక దీన్ని తుక్కుకి వేసేయమని మెకానిక్కు చెప్పాడు. "నాకు ఇష్టమే. దాని సంగతి తెలియలేదు" అన్నారు పెల్కీ గారు. ఆ ట్రక్కు ఇప్పటికీ వాళ్ళ పెరట్లోనే ఉంది. అందులో కోళ్ళు కాపురం చేస్తున్నాయి.

ఇలాంటి మనిషితో ఎలా వేగుతున్నావమ్మా అని ఆయన భార్య ఐలీన్‌ని అడిగాను.

"విడిపోదామని రెండుసార్లు అనుకున్నాం. ఒకసారి నాకిష్టం లేదు, ఇంకోసారి ఆయనకి ఇష్టం లేదు. ఇద్దరికీ ఒక్కసారే కుదిరి చావడం లేదు" అంది ఐలీన్, టీ కలుపుతూ.

ఆ ఏడు మా దగ్గరికి వేతీ కొర్పేలా అనే ఫిన్లాండు కుర్రాడు వచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయి. మంచు మీద వాడి పరుగు చూస్తే ముచ్చటేసేది. చిక్కల్లా ఆ పరుగు ఆగకపోవడమే. మా మైదానం ఇరుకు. వాడు వేగం అందుకునేసరికి మంచు అయిపోయి చెక్కగోడ వచ్చేది. గోడ వెనక మొదటి వరసలో కూర్చునే పెద్దావిడలు, వాడు వస్తున్నాడంటే చాలు, టీ కప్పులు పైకెత్తి పట్టుకునేవాళ్ళు. ఆ ఏడు మొత్తానికి ఒక్క గోల్ వేశాడు. అదీ మా మీదే.

అనుకున్నట్టే పెద్ద క్లబ్బు నుంచి ఫోనొచ్చింది. ఈ కుర్రాణ్ణి ఉభయుల ఇష్టప్రకారం పంపించేయమన్నారు. నిజానికి వాడికీ అదే మేలు. ఫిన్లాండులో వాడి సొంత ఊరి క్లబ్బు వాణ్ణి తీసుకోవడానికి సిద్ధంగా ఉంది. కాకపోతే అక్కడ కొత్తవాళ్ళని చేర్చుకునే గడువు శుక్రవారంతో సరి. ఆలోగా ఇక్కడ సంతకం పడకపోతే వాడు అక్కడా ఆడలేడు, ఇక్కడా ఎవరూ ఆడనివ్వరు. ఎండాకాలం దాకా బెంచీ మీద కూర్చుని చేతులు నలుపుకోవాలి. ఆ తర్వాత వాణ్ణి ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఆ సంగతి చెబితే వేతీ మొహం పాలిపోయింది. సంతకం పెట్టనన్నాడు.

"నేను పెద్ద ఆటగాణ్ణవుతానని మా నాన్న ఊరందరికీ చెప్పుకున్నాడండీ. ఇప్పుడు గెంటేస్తే వచ్చాడంటారు. ఆయన మళ్ళీ కాఫీ హోటల్లో తలెత్తుకుని కూర్చోలేడు" అన్నాడు. నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను. వాడికి అమ్మ వయసు దాన్ని.

గురువారం మధ్యాహ్నం పెల్కీ గారు వాణ్ణి డాటీ హోటలుకి తీసుకెళ్ళారు. కాగితాలు పట్టుకుని నేనూ వెళ్ళాను. మెల్లగా నచ్చజెబుతారనుకున్నాను. ఆయన ముగ్గురికీ బ్లూబెర్రీ పై, అదే పళ్ళు కూరి కాల్చే తీపి రొట్టె, తెప్పించి, నాప్‌కిన్ మెడకి చుట్టుకుని, తాపీగా అన్నారు.

"నాయనా, నేను కూడా ఒప్పుకోవడం లేదు."

వేతీకి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"నా సంతకం లేందే ఈ రద్దు చెల్లదు. పెద్ద క్లబ్బుకి ఇష్టమైతే అయింది, నాకు లేదు. నువ్వు మావాడివి, మాతోనే ఉంటావు."

కుర్రాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను బల్ల కింద పెల్కీ గారి కాలు తన్నాను. రేపు శుక్రవారం. ఆయన కాలు పక్కకి జరుపుకుని, వేతీ కోసం తాను వేసిన పథకాలు చెప్పడం మొదలుపెట్టారు. వాడిప్పుడు ఉంటున్న ఇల్లు ఖాళీ చేయాలట, ఇక నుంచి తన అత్తగారు ఓడెట్ ఇంట్లో మకామట. ఆవిడకి చెవులు వినపడవట, తెల్లారగానే అకార్డియన్ సాధన చేస్తుందట. ఆదివారం క్యాబేజీ, ముల్లంగి, గొడ్డుమాంసం కలిపి ఉడకేసి పెడుతుందట, వారమంతా దాన్నే వేడిచేసి పెడుతుందట. ఆటలప్పుడు జట్టు గుర్తుగా ముళ్ళపంది వేషం కట్టే మనిషికి నడుం పట్టేసింది కాబట్టి, శనివారాలు సూపర్ మార్కెట్ ముందు ఆ వేషంలో వేతీయే పిల్లలకి బెలూన్లు పంచాలి.

"ఎన్నాళ్ళండీ?" అన్నాడు వేతీ.

"నీ ఒప్పందం ఉన్నన్నాళ్ళూ. ఆ తర్వాత పొడిగిద్దాం. నేను ఎవర్నీ ఊరికే వదులుకోనని నీకు తెలుసు కదా."

వేతీ ఫోర్కు కింద పెట్టాడు.

"పెల్కీ గారూ, మీ మైదానం నాకు సరిపడదేమోనండీ. ఇరుగ్గా ఉంటుంది. మా ఊళ్ళో మంచు వెడల్పు."

"వెడల్పయితే ఏం పొడుస్తావు? అక్కడా గోడకే కదా గుద్దుకునేది."

కుర్రాడి వెన్ను నిటారయింది. ఉప్పు డబ్బా తీసి అది తానన్నాడు, కెచప్ సీసాలు ఎదుటి జట్టన్నాడు. అంత చోటు దొరికితే ఎటునుంచి ఎలా చుట్టి వస్తాడో, ఎందుకు ఎవరూ అందుకోలేరో, పదహారేళ్ళప్పుడే పెద్దవాళ్ళ మధ్య ఎలా ఆడాడో బల్లంతా తిప్పి చూపించాడు. చలికాలం మొదలైనప్పటి నుంచీ వాడు అంతసేపు మాట్లాడగా నేను వినలేదు. పెల్కీ గారు ఒక్కో మాటకీ అడ్డు తగిలారు. అడ్డు తగిలినకొద్దీ ఉప్పు డబ్బా వేగం పెరిగింది.

"నేను మంచి ఆటగాణ్ణండీ. ఇక్కడ కాదు, అక్కడ. నన్ను వెళ్ళనివ్వండి" అన్నాడు చివరికి.

"నాకిష్టం లేదు" అని పెల్కీ గారు మొహం చేతుల్లో దాచుకున్నారు.

పక్క బల్ల దగ్గరి మిల్లు కార్మికులు కల్పించుకున్నారు. పిల్లాడి బతుకు పాడుచేయకు ఆర్విల్ అన్నారు. హోటలు యజమానురాలు డాటీ అయితే గరిట పట్టుకుని వచ్చి, వాణ్ణి వదులుతావా, నీ పై ముక్క వెనక్కి తీసుకెళ్ళనా అంది. వేతీ నా చేతిలో కాగితాలు లాక్కుని టకటకా సంతకాలు పెట్టి, పెన్ను ఆయన వేళ్ళ మధ్య కుక్కాడు. పెల్కీ గారు పీనుగు పక్కన కూర్చున్న మొహంతో సంతకం పెట్టారు.

వేతీ అక్కడే వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాడు. ఏం చెప్పావని అడిగితే మాకోసం మళ్ళీ చెప్పాడు.

"వీళ్ళు చస్తే వదలమన్నారు, బతిమాలి బయటపడ్డానని చెప్పాను."

అప్పుడు వెలిగింది నాకు. మా ఊరు నుంచి వెళ్ళిపోయిన కుర్రాళ్ళంతా ఇలాగే వెళ్ళారు. ఎవరూ తలవంచుకుని పోలేదు. ఇన్నేళ్ళలో మా జట్టు ఒక్కణ్ణి కూడా తీసేయలేదు, అందరూ కలిసి మమ్మల్నే తీసేశారు. ఇంతకీ ఆయన అత్తగారు ఓడెట్ ఉండేది ఫ్లోరిడాలోనట, తర్వాత ఐలీన్ చెప్పింది. ఆవిడ ఎప్పుడూ అకార్డియన్ ముట్టుకున్న పాపాన పోలేదు.

ఆ సాయంత్రమే విమానం. వేతీ వెళ్ళి పెట్టె సర్దుకుని వచ్చేసరికి మేమింకా హోటల్లోనే ఉన్నాం, వాడు కారు ఆపించి నన్ను బయటికి పిలిచాడు.

"మ్యూరియల్ గారూ, ఆయన బాగా దెబ్బతిన్నారు. కొన్నాళ్ళు ఒంటరిగా వదిలిపెట్టకండి. నాలాంటివాడు ఇంకొకడు దొరుకుతాడని చెప్పండి."

చూసుకుంటానని మాటిచ్చాను. వాడు ఈల వేసుకుంటూ కారెక్కాడు.

లోపలికి వచ్చేసరికి పెల్కీ గారు తన పై ముక్క పూర్తిచేసి, వేతీ వదిలేసిన ముక్క దగ్గరికి లాక్కుంటున్నారు.

"ఏమన్నాడు?" అన్నారు.

"మిమ్మల్ని చూసి జాలిపడుతున్నాడు."

"బాగా?"

"బాగానే."

"అమ్మయ్య" అని, ముక్కని రెండు చేసి, సగం నా వైపు జరిపారు.