డిక్కీలో బేస్ నాబ్

సుబేదారిలో కార్లకు సౌండ్ సిస్టం బిగించే మా ఉస్తాద్‌కు ఒక వింత అలవాటు ఉండేది. సబ్‌వూఫర్ బేస్ పెంచే నాబ్‌ను అందరూ స్టీరింగ్ పక్కన పెడితే, ఆయన డిక్కీలో పెట్టేవాడు.

"పాటకోపారి బండి ఆపి దిగాల్నా ఉస్తాద్? గంతకంటే కంపెనీ సిస్టమే నయం గద!" అని ఒకరోజు ఎగతాళి చేశాను.

నా జోకులకు కడుపుబ్బ నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు.

"కంపెనీదాంట్ల సౌండ్ పెంచితే బేస్ దానంతటదే తగ్గుతది రా. మనదానికి ఆ అడ్డు లేదు. మా తమ్ముడు అడిగితే నాబ్ చేతికందేటట్టు నేనే పెట్టిన. రఘునాథపల్లి కాడ ఎన్కకెళ్లి లారీవోడు హారన్ కొట్టుకుంటనే వచ్చిండు, బేస్ ఫుల్లు పెట్టుకున్న వీడు పక్కకు జరగలే. ఎన్కనే బైక్ మీదున్న నేను ఉరికిన. బండి నుజ్జయింది గని బేస్ ఇంకా కొడ్తనే ఉన్నది. వాని ఊపిరి ఇందామని ముందుగాల దాన్ని బంద్ చేసిన."

వైరు చుట్టుకుంటూ అన్నాడు:

"ఏం ఇనవడలే."