మైల చేతులతో పఠనం

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్న నాకు, మా చర్చి గుడిలో ఆదివారం పూజకు బైబిల్లోంచి మొదటి పఠనం చదివే వంతు మొదటిసారి వచ్చింది. లేవీయకాండంలో కుష్ఠరోగి గురించిన నియమం అది. రోగి బట్టలు చింపుకుని, జుట్టు విరబోసుకుని, తాను అపవిత్రుణ్ణని అరుస్తూ జనం గుడారాలు వేసుకున్న పాళెం వెలుపల బతకాలట. వారమంతా పొయ్యి దగ్గర పైకి చదువుకున్నాను. జబ్బు చేసినవాడు ఏం తప్పు చేశాడని?

ఆ ఆదివారం తెల్లవారేసరికి మా వీధి చివరి ముసలమ్మ పోయింది. మా పేటలో ఆడవాళ్లెవరు పోయినా స్నానం చేయించడానికి నన్నే పిలుస్తారు. వెళ్లి, గోరువెచ్చని నీళ్లు పోసి, తెల్లచీర కట్టి, వేళ్లకు జపమాల చుట్టాను. ఇంటికొచ్చి తలకు పోసుకుని గుడికి బయల్దేరాను. ఉయ్యూరు ఫ్యాక్టరీకి పోయే చెరకు ట్రాక్టర్లు దాటేదాకా రోడ్డు పక్కన ఆగితే, మా ఆయన అక్క కలిసింది.

"ఏమ్మాయ్, గుడికే?"

"అవును వదినా. ఇవాళ పఠనం నాదేగా."

"శవాన్ని కడిగొచ్చి ఆ పుస్తకం పట్టుకుంటావా? మైల కాదూ?"

"తలకు పోసుకున్నాగా."

"పోసుకుంటే? మా అమ్మ మూడోరోజు ప్రార్థన అయ్యేదాకా గుడి గడప తొక్కేది కాదు."

కొట్టిపారేద్దామంటే మనసొప్పలేదు. శవాన్ని ముట్టినవాడు అపవిత్రుడని బైబిల్లోనే ఉందని విన్నాను. ఇన్నాళ్లకు వచ్చిన వంతు చేజారిపోతుందేమో. ఫాదర్ గారు పూజకు తయారవుతున్న గదిలోకి వెళ్లి అడిగాను.

"శవాన్ని ముట్టుకుంటే పాపమాండీ?"

"పాపమైతే చచ్చినవాళ్లను ఎవరు పూడుస్తారమ్మా? అది ఆ రోజుల్లోనూ పుణ్యమే."

"మరి మైలన్నారేంటండీ?"

ఆయన నడికట్టు బిగించుకుంటూ ఆలోచించారు. "దేవుడంటే జీవం కదా. చావు దగ్గర్నించి లేచి తిన్నగా ఆయన ముందుకు రాకుండా, కాసేపు ఆగి, కడుక్కుని రమ్మని. బాలింతకీ అంతే, తప్పు చేసిందని కాదు. ఆ నియమం ఇప్పుడు మనమీద లేదు. ఆగి రావడం మాత్రం మంచిదే. నువ్వు ఆగావా?"

"ట్రాక్టర్ల కోసం ఆగానండీ."

నవ్వేశారు. "చాల్లే. వెళ్లి చదువు."

చదివాను. రెండుచోట్ల తడబడ్డాను కానీ ఆగలేదు. తర్వాత ఫాదర్ గారు సువార్త చదివారు. యేసు కుష్ఠరోగిని ముట్టుకుంటే మైల ఈయనకు అంటలేదు, శుద్ధే వాడికి అంటింది. ఎన్నిసార్లో విన్నదే. కానీ ఆ కథ చివర్న ఉన్న మాట ఆ రోజే చెవిన పడింది: బాగుపడ్డవాడు అందరికీ చాటడంతో, జనం మూగి యేసు ఊళ్లోకి రాలేక బయటే, మనుషులు లేని చోట ఉండిపోయాడట. వాడు లోపలికి వస్తే ఈయన వెలుపలికి పోయాడు. ముట్టుకునేటప్పుడే ఈ సంగతి ఆయనకు తెలుసా? ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

పూజయ్యాక వదిన మెట్ల దగ్గర నాకు బారెడు దూరంలో నిలబడింది.

"మొహం ఎట్లా ఉంది ఆ ముసలమ్మది?"

"నిద్రపోయినట్టే ఉంది వదినా."

వదిన పైట సర్దుకుంది. తర్వాత అంది, "నేను పోతే నువ్వే కడగాలి. ఇంకెవర్నీ ముట్టనీయకు."

"అది ఆదివారమై, పఠనం నాదైతే?"

"స్నానం చేసి చదువు," అంది విసుక్కుంటూ.