పెద్దమ్మ కొలత నీళ్లు

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. డయాలసిస్ కోసం వారం వారం అరకు నుంచి కొండ దిగి పట్నం ఆస్పత్రికి వెళ్లే మనిషి, ఈసారి ఘాట్ రోడ్డు సగంలోంచే వెనక్కి వచ్చేసింది. ఆవిడ భర్త, మేం పెద్దనాన్న అని పిలిచే ఆయన, నాకు ఫోన్ చేసి, "అమ్మీ, బండి తిప్పీసినాం. నీళ్లు కాగబెట్టి ఉంచు," అన్నాడు. ఎందుకని అడగలేదు. ఆఖరి స్నానానికని గొంతులోనే తెలిసిపోయింది.

పిలుపుకి పెద్దమ్మే గాని మాకు చుట్టరికం ఏమీ లేదు. నేను ఈ వీధికి కోడలిగా వచ్చిన కొత్తలో వాళ్ల వసారా చూసి జడుసుకున్నాను. చూరు పొడుగునా తెల్లటి లావుపాటి వేళ్లు గాల్లో వేలాడుతున్నాయి. కుండీ లేదు, మట్టి లేదు. "ఏటే గుంటా, అలాగ సూత్తన్నావు? అయ్యేం కరవవులే," అంది ఆవిడ. అవి చెట్ల కొమ్మల మీద పెరిగే ఆర్కిడ్లట, ఆ మాట నేను వినడం అదే మొదలు.

పెద్దనాన్న కాఫీ తోటల్లో సూపర్‌వైజరుగా చేసేవాడు. కాఫీ మొక్కల మీద నీడ ఎక్కువైందని ఏటా పెద్ద చెట్ల కొమ్మలు కొడతారు. ఆ కొమ్మలతో పాటు ఆర్కిడ్లూ కింద పడతాయి. వాటిని మా వైపు వాళ్లు బదనిక అనుకుంటారు. చెట్టు రసం పీల్చి చంపే బదనిక వేరు, ఇవి వేరు. అయినా కనబడితే చాలు, కత్తితో గీకి పారేస్తారు. ఈ విషయంలో పెద్దమ్మ వీధిలో పోట్లాడని మనిషి లేదు. "ఇది కూకుంటాది, తినదు. నువ్వు అరుగు మీద కూకుంటే అరుగు అరిగిపోతాదేటి?" అనేది. పెద్దనాన్న విరిగిన కొమ్మలు బండి వెనక కట్టుకుని తెచ్చేవాడు. పెళ్లానికి ఆయన పూలు తేగా నేను చూడలేదు. ఎప్పుడూ ఆ కొమ్మలే.

ఆర్కిడ్లలో ఏ రకం లెక్క దానిదే. వాండాలకి కుండీ ఉక్కపోత, గాలి కావాలి, పొద్దున్నే వేళ్లు పచ్చబడేదాకా తడపాలి. నక్కతోకని పాత చీర పీలికతో చెక్కకి కట్టి, వేళ్లు పట్టుకున్నాక పీలిక కోసెయ్యాలి. నర్సరీ నుంచి నేను తెచ్చిచ్చిన ఫెలనాప్సిస్‌కి మా చలి పడదు. దాన్ని వంటింటి కిటికీలో పెట్టి పట్నం పిల్ల అని పిలిచేది. దాని ఆకుల నడుమ నీటిబొట్టు నిలిస్తే కొంగు చివరతో అద్దేది. లేకపోతే మొవ్వు కుళ్లిపోతుంది. "ఆకు వడిలిందని దాహం అనుకోకు, ఏరు సూడు," అని నాకు ఎన్నిసార్లు చెప్పిందో. ఇక బొగ్గులు నింపిన కుండీలో ఉండే డెండ్రోబియం చలికాలం ఆకులన్నీ రాల్చేసి ఎండుకర్రలా ఉంటుంది. పోయిందేమో అని నేను చెంబు పట్టుకెళ్తే చెయ్యి పట్టుకుని ఆపింది. "నిద్దరోతందే. నిద్దరోతన్నోల్ల నోట్లో నీల్లు పోత్తారేటి?" అంది. ఆ నిద్రలో నీళ్లు పడితే అది మళ్లీ లేవదట.

నా మొదటి కాన్పు దక్కనప్పుడు వీధిలో ప్రతివాళ్లూ వచ్చి ఏదో ఒకటి చెప్పారు. పెద్దమ్మ నన్ను వాళ్ల వసారాలోకి తీసుకెళ్లి పీలికలు చింపమంది. మధ్యాహ్నమంతా ఇద్దరం చెక్కలకి మొక్కలు కట్టాం. ఒక్క మాట అడగలేదు. ఆ మేలు నేను మరిచిపోను.

తరవాత ఆవిడ కిడ్నీలు పాడయ్యాయి. ఒంట్లో చేరిన నీరు బయటికి పోదు కాబట్టి రోజుకి ఇంతే తాగాలని డాక్టరు చెప్పాడు. పెద్దనాన్న పొద్దున్నే చిన్న స్టీలు సీసా నింపేవాడు. మాత్రలకీ, కాఫీకీ, గంజికీ అందులోంచే. సీసా అయిపోతే ఆ రోజుకి అయిపోయినట్టే. నాలిక పిడచకట్టుకుపోయి ఆవిడ అడుగుతుంటే ఈయన తల అడ్డంగా ఊపడం నేను కళ్లారా చూశాను. చూడటానికి వచ్చినవాళ్లు, "ముసిల్దానికి గుక్కెడు నీల్లియ్యడు, ఏం మనిషో," అని గేటు దగ్గరే అనేవాళ్లు. ఆయనకి వినబడేది. నాకు ఒళ్లు మండేది. ఆయన బతికించుకుంటున్నాడని ఒక్కరికీ తట్టలేదు.

ఒక పొద్దున పెద్దమ్మ వాండాలు తడుపుతూ తడుపుతూ నీళ్ల డబ్బా మూతి నోటికి ఎత్తేసింది. పెద్దనాన్న చూసి డబ్బా లాక్కున్నాడు. "సంపుకుంటావేటే నిన్ను నువ్వే," అని అరిచి, పెరట్లోకి పోయి చాలాసేపు రాలేదు. మర్నాటి నుంచి మొక్కలకి ఆయనే నీళ్లు పోశాడు. ఆవిడ కుర్చీలో కూర్చుని చెప్పేది. "దానికి సాలు. దీనికి ఇంకొంచెం. అది ముట్టకు." నీళ్లు కారే చోటే ఆవిడ చూపు ఉండేది. నేను అటు చూడలేక ఇంట్లోకి వెళ్లిపోయేదాన్ని.

శవాన్ని తెచ్చిన రోజు పెద్దనాన్న నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. "సుంకరిమెట్ట దాటాక నీల్లడిగినాదమ్మా. సీసా నా సేతిలోనే ఉంది. ఒల్లు ఉబ్బిపోయున్నాది గదా, బేగి ఎల్లిపోతాం, ఆస్పత్రి కాడ ఇత్తానన్నాను. అనంతగిరి రాకుండానే అయిపోనాది." మా వైపు పోయేవాళ్ల నోట్లో ఇంటివాళ్లు నీళ్లు పొయ్యాలి. పరాయివాళ్లయినా పోస్తారు. సీసా చేతిలో పెట్టుకుని ఆయన పొయ్యలేదు. తప్పు నీది కాదు పెద్దనాన్నా అన్నాను.

దహనం అయ్యాక ఆడవాళ్లం వసారాలో కూర్చున్నాం. పెద్దనాన్న తడిబట్టలతోనే వచ్చాడు. బకెట్టు నింపుకుని మొక్కల దగ్గరికి వెళ్లాడు. వాండాల వేళ్లు పచ్చబడేదాకా తడిపాడు. నక్కతోకని తడిపాడు. చివర్న ఆకు లేని డెండ్రోబియం ముందు నిలబడి చెంబు ఎత్తాడు.

"పెద్దనాన్నా, అది నిద్రలో ఉంది," అన్నాను.

"తెలుసమ్మా," అన్నాడు. "తాగనీ."

చెంబు వంచాడు. నీళ్లు కుండీలో బొగ్గుల్లోంచి జారి, గచ్చు మీద పారి, కూర్చున్నవాళ్ల కాళ్ల దాకా వచ్చాయి. ఎవరూ కాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఆయన మళ్లీ చెంబు ముంచాడు.