అందరి నాయినలూ డ్రైవర్లే

మా బీఎడ్ కాలేజీలో వైవిధ్యం గురించి పాఠాలు చెప్పేది నేనే. అందుకే టీచింగ్ ప్రాక్టీసు చేస్తున్న మా విద్యార్థిని స్వప్న పాఠానికి మార్కులు వేయడానికి జవహర్‌నగర్ వెళ్లమంటే సంబరంగా బయలుదేరాను. మేడ్చల్‌లో ఏడుంబావుకు షేర్ ఆటో ఎక్కితే షామీర్‌పేటకు నలభై రూపాయలు. చెరువు మీద పొగమంచు ఇంకా విడలేదు. నీళ్లెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. నిద్రా మెలకువా కాని ఆ హాయిలో, దిగకుండా ఇలాగే పోతూ ఉంటే బాగుండుననిపించింది. అక్కడ ఆటో మారాను. నగరం చెత్తంతా పోసే డంపు వాసన తగలగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే, డ్రైవరు అద్దంలో చూసి, కొత్తవాళ్లంతా ఇంతేనని నవ్వాడు.

తొమ్మిదిన్నరకు ఆరో తరగతి వెనక బెంచీలో కూర్చున్నాను. స్వప్న హాయిగా కథలా చెబుతోంది. కానీ నేను తయారుచేసి ఇచ్చిన నమూనా పాఠంలోని మొదటి ప్రశ్న వదిలేసింది. పరిశీలన పుస్తకంలో రెండు మార్కులు కోశాను. అంతటితో ఊరుకున్నానా? లేచి ఆ ప్రశ్న నేనే అడిగాను. మీ నాన్నలు ఏం పని చేస్తారు?

మొదటి పిల్ల డ్రైవరంది. పక్క పిల్లా అదే అంది. అలా వరసగా తరగతిలో అందరి నాయినలూ డ్రైవర్లే అయ్యారు. నాకు నవ్వొచ్చింది. స్వప్న మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తోంది.

బెల్లు కొట్టాక వరండాలో, ఆ ప్రశ్న ఎందుకు వదిలేశావని అడిగాను.

"వీళ్లల్ల శానామంది అమ్మానాయినలు డంపుల చెత్త ఏరుతరు మేడం. నేను గూడ గీ బడిలనే చదివిన. నన్ను అడిగితే డ్రైవరనే చెప్పిన." తరగతి తలుపు వైపు చూసింది. "మా బాపు టిఫిన్ డబ్బ ఇయ్యనీకి వచ్చి తలుపుకాడ నిలబడ్డడు. ఇన్నడు. గప్పటిసంది బడి దిక్కు రాలే."

ఆ రెండు మార్కులూ తిరిగి వేశాను. స్వప్న ఆ పేజీ చూడనే లేదు.

మధ్యాహ్నం బస్సులో ఎండ ఒళ్లో పడుతున్నా, కిటికీ పక్కన ఊళ్లు కలలోలా జారిపోతున్నా, నాకు సిగ్గుగానే ఉంది. వైవిధ్యమంటే నాకు నిజంగానే ప్రేమ. ఆ ప్రేమతోనే పన్నెండేళ్లుగా ఈ ప్రశ్నను ప్రతి బ్యాచ్‌కూ పంచాను. ఎన్ని బళ్లకు చేరిందో నాకు తెలియదు.

ఇలా పరిశీలనకు వెళ్లేవాళ్లు, పిల్లల్ని ఏమైనా అడిగేముందు వాళ్ల అమ్మానాన్నలను చూడాలంటే, ఎనిమిదిన్నరకే చేరుకోండి. పిల్లల్ని దింపడానికి వచ్చినవాళ్లు గేటు దగ్గర ఎక్కువసేపు నిలబడరు.