తెల్ల చొక్కా, మూడో మెమో

మా కరస్పాండెంటు గారి దృష్టిలో మేస్టారంటే ముందు చొక్కా, తరవాత బూట్లు, ఆ తరవాత వీలుంటే పాఠం. శ్రీకాకుళం పొలిమేరలో ఉన్న ఆయన ప్రైవేటు బడిలో నేను లెక్కలు చెబుతాను. రోజూ పొద్దున్నే ఆయన గేటు దగ్గర నిలబడి మమ్మల్ని తల నించి కాలి దాకా చూస్తారు. ఆ చూపు ముందు ఆస్పత్రి ఎక్స్-రే మిషను సిగ్గుతో తల దించుకోవాలి. టక్కు ఒక పక్క బియ్యపు గింజంత జారినా పట్టేస్తారు.

నాకు అప్పటికే రెండు మెమోలు వచ్చాయి. మొదటిది వానలో చెప్పులేసుకుని వచ్చినందుకు. రెండోది టక్కు ఊడినందుకు. బోర్డు పై అంచున సమీకరణం రాద్దామని చెయ్యెత్తాను, చొక్కా లేచిపోయింది, నా పొట్ట తొమ్మిదో తరగతి మొత్తానికీ దర్శనమిచ్చింది. ఆ మెమో చేతిలో పెడుతూ ఆయన నెమ్మదిగా అన్నారు.

"మూడోది నా చేత రాయించకండి మేస్టారూ. రాస్తే మర్నాటి నించి మీరు రానక్కర్లేదు."

యాభై దగ్గర పడ్డవాణ్ణి. ఈ వయసులో ఇంకో బడికెళ్ళి, నా శిష్యుల ఈడు వాళ్ళ ముందు డెమో క్లాసు చెప్పి, ఫోన్ చేస్తామంటే ఇంట్లో కూచుని ఎదురు చూడటం. ఆ ఊహ వచ్చినప్పుడల్లా టక్కు ఇంకోసారి సర్దుకునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం సాయంత్రం వాట్సాప్‌లో హుకుం దిగింది. రేపు తల్లిదండ్రుల సమావేశం, మగవాళ్ళందరికీ తెల్ల చొక్కా, ముడత కనిపించరాదు. నాకున్న తెల్ల చొక్కా ఒక్కటే, పొందూరు ఖద్దరుది. గంజి పెట్టకపోతే అది చొక్కా కాదు, పిండి పారేసిన నిమ్మ తొక్క. గంజి పెట్టే మా ఆవిడా, మా అమ్మా కలిసి టెక్కలి వైపు పెళ్ళికెళ్ళారు. కుక్కర్లో వండుకున్న నాకు గంజి ఎక్కడిది? వంటిల్లంతా గాలించాను. మూల కుండలో తెల్లటి నీళ్ళు కనిపించాయి. మా అమ్మ తన మట్టుకు అన్నం వార్చుకుంటుంది కదా, ఆ గంజే అనుకున్నాను. వాసన చూద్దామంటే జలుబుతో నా ముక్కు సిమెంటు పూసినట్టు మూసుకుపోయి ఉంది. చొక్కా ముంచి, పిండి, ఫ్యాను కింద ఆరేసి, ఇస్త్రీ చేశాను. మర్నాడు పొద్దున్నకి అది ఎవరి సాయమూ లేకుండా నిలబడగలిగే స్థితికి వచ్చింది. నేను లేకపోయినా తనే బడికెళ్ళి హాజరు వేయించుకుని వచ్చేలా ఉంది.

గేటు దగ్గర కరస్పాండెంటు గారు నన్ను చూసి ఆగిపోయారు.

"ఇదీ! మేస్టారంటే ఇలా ఉండాలి."

స్టాఫ్ రూములో కూచునే దాకా ఆ మాట మీదే నడిచాను. కరెంటు లేదు. ఉక్క. ఒళ్ళంతా చెమట పట్టి చొక్కా మెత్తబడింది. పక్కనున్న సైన్సు మేడం గారు కుర్చీ కొంచెం జరిపారు. మరి కాసేపటికి ఇంకొంచెం జరిపారు. ఆ తరవాత పుస్తకాలు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

కరస్పాండెంటు గారు లోపలికొచ్చి నా దగ్గర ఆగారు. ఆయన ముక్కు రెండుసార్లు కదిలింది. మొహం రంగు మారింది.

"నిన్న ఎక్కడికెళ్ళారు?"

"ఇంట్లోనే ఉన్నానండీ."

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ. అందరూ పెళ్ళికెళ్ళారు."

"ఒక్కరే ఉన్నారు. ఆదివారం. ఊఁ. నా గదిలోకి రండి."

నేను చెప్పిన ప్రతి నిజమూ నన్ను ఇంకో మెట్టు కిందికి తోసింది. గదిలో తలుపేసి ఆయన అడిగారు. "కల్లా, ఇంకోటా?"

నా గుండె ఒక్క క్షణం డ్యూటీ దిగిపోయింది. బట్టల మెమో కాదిది. తాగి బడికొచ్చిన మేస్టారని పేరు పడితే జిల్లాలో ఏ గేటూ నాకు తెరుచుకోదు. బయట తల్లిదండ్రుల ఆటోలు ఒక్కొక్కటే ఆగుతున్నాయి.

ఆయన బస్సు డ్రైవర్ని పిలిపించారు. డ్రైవర్లు తాగారో లేదో రోజూ ఊదించి చూసే మిషనొకటి మా బడిలో ఉంది. దాన్ని నా నోటి ముందు పెట్టమన్నారు. సరిగ్గా అప్పుడు, పొద్దున్న తాగిన రెండు మూతల దగ్గు మందు గుర్తొచ్చింది. అందులో ఆల్కహాలు ఉంటుందని ఎక్కడో చదివాను. నోరు చెబుదామా అంది, బుర్ర వద్దంది. ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు?

"ఊదండి మేస్టారూ, బయపడకండి" అన్నాడు డ్రైవరు.

ఊదాను. మిషను ఆలోచించింది. నేను పదో తరగతి పరీక్షా ఫలితాలకి కూడా అంతసేపు ఊపిరి బిగబట్టలేదు. చివరికి సున్నా చూపించింది. కరస్పాండెంటు గారు దాన్ని దులిపి మళ్ళీ ఊదించారు. మళ్ళీ సున్నా.

"మరి ఈ కంపు ఏంటి?"

డ్రైవరు నా భుజం దగ్గరికి వంగి వాసన చూశాడు. "సార్, ఇది కల్లు కాదండి. తరవాణి. మాయమ్మ అన్నం గంజి కుండలో పులబెడతాది, ఎండల్లో సద్దన్నంలోకి. ఏటి మేస్టారూ, సొక్కాకి తరవాణి పెట్టినారేటి?"

అయిపోయింది. జలుబు, కుక్కరు, కుండ, అంతా కక్కేశాను. కరస్పాండెంటు గారు నవ్వలేదు. నవ్వుంటే బాగుండేది.

"ఈ కంపుతో మీరు తల్లిదండ్రుల ముందు కూచోలేరు. విప్పండి." డ్రైవరు వైపు తిరిగారు. "నీది ఇయ్యి."

డ్రైవరు బనీనుతో మిగిలాడు. నేను అతని ఖాకీ చొక్కాలో దూరాను. పొట్ట దగ్గర రెండు గుండీలు ఒకదాన్నొకటి దూరం నించే పలకరించుకున్నాయి. అలాగే రెండు గంటలు, పెన్ను పట్టుకుని, పొట్ట బిగబట్టి మార్కులు వివరించాను. ఒకాయన కూతురి మార్కుల కాగితం అందుకుంటూ అడిగాడు.

"మేస్టారూ, బస్సు కూడా తవరే తోల్తన్నారేటి?"

"ఈ ఒక్క రోజుకేనండీ" అన్నాను. నా మేస్టరీ కూడా ఈ ఒక్క రోజుకేనేమో అనుకున్నాను.

అందరూ వెళ్ళాక పిలుపొచ్చింది. కరస్పాండెంటు గారి ముందు మెమో పుస్తకం తెరిచి ఉంది. తేదీ పడింది. నా పేరు పడింది. కారణం అన్న చోట పెన్ను ఆగి ఉంది.

"ఏం రాయమంటారు?"

"తెల్ల చొక్కా వేసుకునే వచ్చానండీ. ముడత కూడా లేదు."

"ఖాకీలో కూచున్నారుగా!"

అది వేసుకోమన్నది ఆయనే. ఆ మాట గుర్తు చేసే ధైర్యం నాకెక్కడిది? ఆయన పెన్ను కాగితాన్ని తాకింది, లేచింది, మళ్ళీ తాకింది.

తలుపు తోసుకుని డ్రైవరు తల పెట్టాడు. "సార్, పిల్లలు బస్సెక్కీసినారు. నా సొక్కా ఇప్పిస్తే బండి తీసీస్తాను. బనీనుతో తోల్తే మీరే కదేటి నాకు మెమో ఇస్తారు."

కరస్పాండెంటు గారు వాణ్ణి చూశారు, నన్ను చూశారు. తేదీ వేసిన కాగితాన్ని పుస్తకంలోంచి చింపి, మడిచి, జేబులో పెట్టుకున్నారు.

"ఇచ్చెయ్యండి మేస్టారూ. పిల్లలకి ఆలస్యమవుతుంది. రేపు ఉతికిన చొక్కాతో రండి."

గుండీలు విప్పి చొక్కా డ్రైవరుకిచ్చాను. ఆ గదిలో, ఆయన ఎదురుగా, పొట్టతో సహా బనీనులో నిలబడ్డాను. ఆయన తల దించుకుని వేరే కాగితాలేవో సర్దుకున్నారు.