ఎడ్ల అర్కు కలిసిన కల్లు

మొన్న మా చిన్నల్లుడు బాన్సువాడల మా ఇంటి వెనక అర్రల తెల్ల ప్లాస్టిక్ డబ్బా పెట్టి బీరు తయారు చేసిండు. దుకాణంల దొరికేదానికి ఇంట్ల ఇంత తిప్పలెందుకో నాకు సమజ్ కాలేదు. అల్లునితోని అనకూడదని ఊకుందామనుకున్న గాని నోరు ఊకోలేదు, అననే అన్న. ఆయన నవ్వి ఒక చిన్న సీసా తీసిండు. ఇలాచీ, లవంగం, మిరియాలు ఘాటు సారాల నానబెట్టి వడగట్టిన అర్కు అట అది. సిరంజితోని గిలాసల ఇన్ని చుక్కలు కలిపి, తనే రుచి చూసి మొఖం చిట్లించి, ఇంకో గిలాసల తక్కువ కలిపి, మళ్ల చూసి, ఆఖరుకు నా ముందర పెట్టిండు. సీసా మీద కాగితం అంటించి ఉంటే కూడబలుక్కొని చదివిన. మసాలా అని ఉన్నది. నాకు చదువు అబ్బేటప్పటికి మా మనవరాలు బడికి పోతుండె, కాబట్టి ఇప్పటికీ నా చదువు ఎడ్లబండి నడకే. గిలాస ముక్కు దగ్గరికి పోంగనే మా అత్త, అంటే మా ఆయన తల్లి, యాదికొచ్చింది. తాగి, బాగనే ఉన్నది గాని మా అత్త చేసినంత లేదని మొఖం మీదనే చెప్పిన.

మా అత్త పుట్టిల్లు జుక్కల్ దిక్కు. చెట్టు కల్లు ఎంత దొరికినా శుభకార్యానికి మాత్రం ఆమె తన చేతి జొన్నకల్లే పెట్టేది. జొన్నలు మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, ఉడికించి, బెల్లం కలిపి కుండల పులియబెట్టేది. నోట్లె పోసుకుంటే జెర పుల్లగ, జెర తియ్యగ ఉండేది. దానికి అసలు సొగసు అర్కుతోనే. ఇప్పసారల దాల్చినచెక్క, లవంగం, ఇలాచీ, శొంఠి నానబెట్టి, వడగట్టి, సీసాల పోసి, ఆ సీసా మెడకు ఎర్రదారం కట్టి ఉట్టి మీద పెట్టేది. అప్పట్ల మా ఇంట్ల ఎవలికీ అచ్చరం ముక్క రాదు, దారమే మాకు రాత.

ఒక ఏడు నాట్ల మీద మా మంచి ఎద్దుకు కడుపు ఉబ్బింది. ఎద్దుకు పోసేటందుకు వేరే అర్కు ఉండేది, ఇంగువ, ఓమ, ఎల్లిగడ్డ వేసి నానబెట్టింది. దాని సీసాకు ఏ దారమూ ఉండేది కాదు. ఎద్దు లేవకుంటే నాట్లు ఆగుతయని భయపడి మా అత్త పీరీల సావిడికి పోయి మొక్కి, అక్కడ ఇచ్చిన ఎర్రదారం తెచ్చి ఎద్దు కొమ్ముకు ఇంత, మందు పనిచేయాలెనని ఆ సీసా మెడకు ఇంత కట్టింది. ఎద్దు లేచింది, నాట్లు అయినయి, దారం సంగతి అందరం మరిచినం.

తర్వాత కొన్నాళ్లకు మా ఆడబిడ్డను ఖాయం చేసుకునేటందుకు డోంగ్లి దిక్కు నుంచి పిల్లగానోళ్లు వచ్చిండ్రు. అంతకుముందే వచ్చిన సంబంధాలు తప్పిపోయి ఆ పిల్ల మనసు చిన్నబోయి ఉండె. ఈ పిల్లగాన్ని అంగడిల చూసి ఇష్టపడ్డదని నాకొక్కదానికే ఎరుక. మన కాలపోళ్లకు చెప్పేదేమున్నది, రెండు దిక్కుల పెద్దలు ఒక్క కుండల కల్లు తాగితేనే మాట ఖాయమైనట్టు, కుండ వద్దంటే సంబంధం వద్దన్నట్టే. వచ్చినోళ్లు తాగేదాకా ఇంటోళ్లు ఆ కుండను ఎంగిలి చేయొద్దు, రుచి సుత చూడొద్దు. మా అత్తకు ఆ పొద్దు పడిశం పట్టి ముక్కు మూసుకపోయింది, ఇల్లంత మాంసం తాలింపు వాసన, ఎర్రదారం సీసా తీసి కుండల ఒంపింది.

పిల్లగాని మేనమామ ఒక్క గుక్క తాగి, లోటా కింద పెట్టి, మూతి తుడుచుకొని మా మామ దిక్కు చూసిండు.

"ఏంది బావా, గిది కల్లా, ఎద్దుకు పోసే మందా?"

మా మామ మొఖంల నెత్తురు లేదు. తలుపు సాటున నా పక్కన నిలబడ్డ ఆడబిడ్డ నా చెయ్యి పట్టుకుంటే గాజులు గుచ్చుకున్నయి. అప్పుడు పిల్లగాని నాయనమ్మ, మరాఠీ కలిపి మాట్లాడే ముసలామె, తన కొడుకు, అంటే పిల్లగాని తండ్రి, ముందటి లోటా గుంజుకొని గటగట తాగి, ఇల్లంత వినబడేటట్టు తేన్చింది.

"శానా దినాలసంది కడుపు బిగుసుకపోయి సస్తున్నరా. ఇప్పుడు పానం సల్లగైంది. పొయ్యవే బిడ్డా, ఇంకింత పొయ్యి."

ముసలామె రెండో లోటా తాగినంక మగోళ్లు తాగకుంటే ఇజ్జత్ ఏముంటది? ముక్కు మూసుకొని తాగిండ్రు, మేనమామ సుత తాగిండు. ఖాయమైంది. పొద్దూకినంక మా మామ ఉట్టి మీద నిండుగ ఉన్న మసాలా సీసా చూసి, ఇగ ఎద్దుకు ఇది పోస్తే పాటలు పాడుతదేమోనని అంటే, మా అత్త వారం దినాలు ఆయనతోని మాట్లాడలేదు. ఎన్నో ఏండ్లకు నేను రాత్రి బడిల అచ్చరాలు నేర్చినంక ముందుగాల రాసింది నా పేరు కాదు, సీసా మీద ఎడ్ల మందు అని.

ఆడబిడ్డ ఆ ఇంట్ల సల్లగ బతికింది. ఆ ముసలామె పోయిన ఏడాదికి పుట్టింటికొచ్చి చెప్పింది నాకు, ఆమెకు కడుపునొప్పీ లేదట, ఏమీ లేదట. అంత పాడు కల్లు జన్మల తాగలేదని, తలుపు సందుల పిల్ల కండ్లు చూసి తాగినానని, ఆ తేన్పు సుత తెచ్చిపెట్టుకున్నదేనని మనవరాలి వరుస పిల్లలకు చెప్పి నవ్వేదట.

ఇప్పుడు సీసా సీసాకు పేరున్నది. ఎవలి గిలాస వాళ్లదే, పోసేముందే రుచి చూసుకుంటరు, బాగలేకుంటే పారబోసి ఇంకోటి చేసుకుంటరు. మంచిదే, నేను కాదనను. కాకపోతే కుండ చెడిపోయినా పిల్ల కోసం తాగెటోళ్లు ఉన్నరా అని జెర బెంగగ ఉంటది.

నేను అట్ల ఆలోచన చేస్తుంటే అల్లుడు ఇంకో గిలాస కలిపి తెచ్చి, ఈసారి అత్తమ్మ ఏమంటదోనని నా మొఖమే చూస్తుండు. మిరియం ఎక్కువైంది, గొంతు మండింది. గిలాస ఖాళీ చేసి, ఇంకింత పొయ్యి బిడ్డా అన్న.